అడవి లెక్కల కోఆట్స్

స్విస్ అటవీ అధికారి యోహాన్ కోఆట్స్ పేరు ఎక్కడ కనబడినా పక్కనే ఒక కొండ ఉంటుంది. ఆ కొండ పిజ్ బెర్నినా. ఎత్తు 4,049 మీటర్లు. తూర్పు ఆల్ప్స్‌లో నాలుగు వేలు దాటిన శిఖరం అదొక్కటే. 1850 సెప్టెంబరు 13న దాని నెత్తిన మొదటిసారి నిలబడిన ముగ్గురిలో ఈయన ఒకరు. మిగతా ఇద్దరూ ఈయన వెంట సర్వే పనికి తిరిగిన చార్నర్ ఇంటిపేరువాళ్ళు. ఆ కొండకు పక్కనున్న కనుమ పేరు తెచ్చి బెర్నినా అని పెట్టింది కూడా ఈయనే. పర్వతారోహణ పుస్తకాలకు ఇంతకంటే ఏం కావాలి? రోసెగ్ లోయలో పర్వతారోహకుల సంఘం వాళ్ళ బసకు ఈయన పేరే ఉంది. కొండలెక్కేవాళ్ళు అక్కడ రాత్రికి ఆగి పొద్దున్నే లేచి పోతుంటారు.

కొండెక్కిన నాటికి ఆయన వయసు ఇరవై ఎనిమిది. చనిపోయింది 1918లో, తొంభై ఆరేళ్ళకి. మధ్యలో మిగిలిన అరవై ఎనిమిదేళ్ళలో అరవై మూడేళ్ళు ప్రభుత్వ అటవీ ఉద్యోగంలో గడిచాయి. 1914లో పదవి వదిలేసరికి తొంభై రెండు నిండాయి. పదవీ విరమణ వయసు ఒక్క ఏడాది పెంచినా తగ్గించినా మన దగ్గర ఎంత గొడవ అవుతుందో తెలిసిందే కదా. ఈ పెద్దాయన ముప్ఫై తొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాడు.

నా ఫిర్యాదు ఏమిటంటే, అందరూ కొండ గురించి చెప్పి కుర్చీని వదిలేస్తారు. నాకు ఆ కుర్చీ మీదే ఆసక్తి.

అసలు నేను ఈయన దగ్గరికి వచ్చిన దారి వేరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం గురించీ, దాని వల్ల మన ఏజెన్సీలోనూ పల్నాడులోనూ జరిగిన వాటి గురించీ చదువుతూ ఉంటే ఒక సందేహం పట్టుకుంది. అదే పదేళ్ళలో ప్రపంచంలో ఇంకెక్కడెక్కడ అటవీ చట్టాలు వచ్చాయి? అవి రైతును ఏం చేశాయి? వెతుకుతుంటే స్విట్జర్లాండ్ 1876 చట్టం కనబడింది. దాన్ని అమలు చేసిన మనిషిగా కోఆట్స్ కనబడ్డాడు. తెలుగువాళ్ళకి స్విట్జర్లాండ్ అంటే సినిమా పాట. హీరోహీరోయిన్లు గెంతే పచ్చిక, వెనకాల పైన్ చెట్ల వరస. ఆ వరస అక్కడ ఎందుకుందో, 1850లో ఎందుకు చాలాచోట్ల లేదో ఎవరూ చెప్పలేదు మరి.

కోఆట్స్ పుట్టింది ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో, 1822 మే 31న. తండ్రి డచ్ సైన్యంలో కొలువు చేసిన స్విస్ అధికారి. పేద కొండ దేశం కాబట్టి పరాయి రాజుల కింద సిపాయిలుగా పోవడం అప్పట్లో స్విస్‌వాళ్ళకి వంశపారంపర్యపు పని. కుటుంబానిది మాత్రం గ్రౌబుండెన్ కాంటన్‌లోని ఎంగడీన్ లోయ. కాంటన్ అంటే అక్కడి రాష్ట్రం. కుర్రాడు కూర్ పట్టణంలో పెరిగాడు. అడవి చదువుకి జర్మనీలోని సాక్సనీకి, తారాంట్ అటవీ విద్యాలయానికి వెళ్ళాడు. స్విట్జర్లాండ్‌లో అప్పటికి ఆ చదువే లేదు. జూరిక్‌లో కొత్త పాలిటెక్నిక్ తెరిచి అందులో అటవీ విభాగం పెట్టింది 1855లో.

చదువు ముగించుకుని వస్తే అడవిలో ఉద్యోగం దొరకలేదు, పటాల్లో దొరికింది. జనరల్ ద్యుఫూర్ ఆధ్వర్యంలో దేశం మొత్తానికీ లక్షకు ఒకటి కొలతతో మొదటి పటం గీస్తున్నారు. 1844 నుంచి కొన్నేళ్ళపాటు గ్రౌబుండెన్ కొండలన్నీ కొలతపెట్టెతో తిరిగాడు. శిఖరాలెక్కడం సరదా కాదు, పై నుంచి చూడకపోతే పటం రాదు. బెర్నినా కూడా ఆ పనిలో భాగమే. 1847లో కాంటన్ల మధ్య అంతర్యుద్ధం వచ్చినప్పుడు ద్యుఫూర్‌కే ఆంతరంగిక కార్యదర్శి అయ్యాడు. నెల తిరక్కుండా ముగిసిన యుద్ధం అది, వంద మంది దాకా చనిపోయారు. మరుసటేడు సమాఖ్య రాజ్యాంగం వచ్చింది. దేశం అనేది ఒకటి ఏర్పడుతుంటే దగ్గర నిలబడి చూసిన ఇరవై అయిదేళ్ళ కుర్రాడు ఈయన. తర్వాతి రోజుల్లో కేంద్రం అనే మాటంటే కాంటన్లు ఎంత ఉలిక్కిపడతాయో ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

1851లో గ్రౌబుండెన్ కాంటన్ అటవీ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఇక్కడ ఒక విషయం ఆగి చెప్పాలి. అది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. గ్రౌబుండెన్‌లో అడవి సర్కారుది కాదు. ఎక్కువ భాగం ఊళ్ళది. మన పంచాయతీ లాంటి గ్రామ సంఘం పేరున అడవి ఉంటుంది, దాని మీద తీర్మానాలు ఊరే చేసుకుంటుంది. ఊరికి అప్పు ఉన్నా, బడి కట్టాలన్నా, దారి వేయాలన్నా ఒక కొండవాలు మీది చెట్లు మొత్తంగా కాంట్రాక్టరుకి అమ్మేసేవాళ్ళు. వాడు నరికి దుంగల్ని ఏట్లో వదిలితే అవి కొట్టుకుంటూ దిగువకి పోయేవి. ఎంగడీన్ కింది భాగాల్లోనూ ఓఫెన్ కనుమ చుట్టూ అంతకుముందు కొన్ని శతాబ్దాలుగా చెట్టు పోయింది ఇలాగే. ష్చార్ల్ లోయ వెండి సీసం గనుల కొలుములకి కొంత, సరిహద్దు దాటి టిరోల్‌లోని హాల్ ఉప్పు కార్ఖానాల్లో ఉప్పునీరు కాచే పొయ్యిలకి కొంత.

నరికిన చోట మొలక రావాలి కదా. రానిచ్చేవి కావు మేకలు. ఆవును మేపలేని వాడికి మేకే పాడి. అడవిలోకి తోలితే చాలు, మేత ఖర్చు లేదు. దానికితోడు కొట్టాల్లో పశువుల కింద పరచడానికి రాలిన ఆకంతా ఊడ్చుకుపోయేవాళ్ళు, నేలకి ఎరువు మిగిలేది కాదు. ఇవన్నీ దొంగతనాలు కావు, తరతరాల హక్కులు. కొన్నిటికి కాగితాలు కూడా ఉండేవి.

ఆ కాగితాల్లోనే ఇంకో రకం కూడా ఉండేది. ఆండర్‌మాట్ ఊరి పైన ఉన్న చిన్న అడవి ముక్కను ఎవరూ ముట్టుకోకూడదని, కొమ్మ గానీ కాయ గానీ తీసుకుపోకూడదని 1397లోనే ఊరివాళ్ళు రాసుకున్న కట్టుబాటు పత్రం ఉంది. ఎందుకంటే ఆ ముక్క పోతే మంచుచరియ నేరుగా ఊరి మీద పడుతుంది. కాబట్టి అడవి విలువ కొండవాళ్ళకి తెలియదనీ, చదువుకున్న అధికారి వచ్చి చెప్పాడనీ అల్లే కథను నేను నమ్మను. తెలుసు. తెలిసినా అప్పుంటే అమ్ముతారు. ఇంటి మీదికి మంచు వస్తుందని తెలిసిన వాలును వదిలి అవతలి వాలు అమ్ముతారు. అవతలి వాలు కింద ఇంకో ఊరుంటే అది వాళ్ళ గొడవ.

కోఆట్స్ గ్రౌబుండెన్‌లో ఇరవై రెండేళ్ళు చేసింది ఈ ‘వాళ్ళ గొడవ’తో పోరు. హద్దులు పాతించడం, ఊరూరా అటవీ నియమావళి రాయించడం, ఊరి కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చి గార్డులుగా పంపడం. ఆ గార్డుని పెట్టుకునేది ఊరే. వాడు ఎవరిని పట్టుకున్నా చిన్నాన్నో మేనమామో అవుతాడు. ఇలాంటి ఉద్యోగంలో కవిత్వం ఏమీ లేదు, అందుకే ఎవరూ రాయరు.

1868 శరత్తులో ఆల్ప్స్ మీద విపరీతమైన వానలు పడ్డాయి. టిచినో, గ్రౌబుండెన్, సాంక్ట్ గాలెన్, యూరి, వాలిస్ కాంటన్లు మునిగాయి. యాభై మంది దాకా పోయారు. కొత్త దేశానికి అదొక పరీక్ష. దేశమంతా విరాళాలు పోగుచేసింది. వాటిలో కొంత సొమ్మును బాధితులకి పంచకుండా రక్షణ పనులకి, మొక్కలు నాటడానికి పక్కన పెట్టారు. అప్పటికే జూరిక్ అటవీ ఆచార్యుడు ఎలియాస్ లాండోల్ట్ సమాఖ్య ప్రభుత్వం కోరితే కొండల అడవులన్నీ తిరిగి 1862లో నివేదిక ఇచ్చి ఉన్నాడు. ఇంజనీరు కార్ల్ కుల్‌మన్ కొండవాగుల గురించి 1864లో ఇంకొకటి ఇచ్చాడు. ఇద్దరూ చెప్పింది ఒకటే: పైన చెట్లు నరికారు, కింద వరదలొస్తున్నాయి, కాంటన్లకి ఇది చేతకాదు, కేంద్రం దిగాలి. నివేదికలు అటకెక్కాయి. వరదొచ్చాక దిగాయి.

1874 రాజ్యాంగంలో ఎత్తైన కొండ ప్రాంతాల అడవుల మీదా వాగుల మీదా కేంద్రానికి పర్యవేక్షణ అధికారం చేరింది. 1875లో సమాఖ్య అటవీ ప్రధాన ఇన్‌స్పెక్టర్ అనే పదవి పుట్టింది. సాంక్ట్ గాలెన్‌లో రెండేళ్ళు పనిచేసి ఉన్న కోఆట్స్‌ని బెర్న్‌కి పిలిచి ఆ పదవి ఇచ్చారు. 1876 మార్చి 24న చట్టం వచ్చింది.

ఆ చట్టంలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. అడవి విస్తీర్ణం తగ్గకూడదు, అనుమతి లేకుండా అడవిని చదును చేసి పొలం చేసుకోకూడదు, రక్షణ అడవులకి హద్దులు గీయాలి, కొత్తగా మొక్కలు నాటితేనో మంచుచరియలకి అడ్డుకట్టలు కడితేనో కేంద్రం ఖర్చులో కొంత ఇస్తుంది. ఇంతే. అడవి ఎవరిదైతే వాళ్ళదే. ఒక్క ఎకరా సర్కారు పేరుకి మారలేదు. యజమాని ఊరే, కూలి డబ్బులు పడేది ఊరివాళ్ళకే, కలప అమ్మితే వచ్చేది ఊరి ఖాతాకే. పోయినదల్లా పాడుచేసే స్వేచ్ఛ.

రెండేళ్ళకే, 1878లో, భారత అటవీ చట్టం వచ్చింది. ఇంకో నాలుగేళ్ళకి మద్రాసుది. రెండు చోట్లా పాఠం చెప్పింది జర్మన్ అటవీ శాస్త్రమే. ఇక్కడ మొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన డీట్రిచ్ బ్రాండిస్ జర్మనే. కోఆట్స్ చదివిందీ అదే సంప్రదాయంలో. చెట్టు ఎలా కొలవాలి, ఏడాదికి ఎంత నరకాలి అన్న లెక్క రెండు దేశాల్లోనూ ఒకటే. కానీ ఇక్కడ చట్టం మొదట చేసిన పని అడవిని సర్కారుది చేసుకోవడం. ‘రిజర్వు’ అన్న ముద్ర పడ్డాక నిన్నటిదాకా హక్కు అయినది ఈ రోజు దయ అయింది. బ్రాండిస్ స్వయంగా ఊళ్ళకి కొన్ని అడవులు వదలాలని వాదించినవాడే, కానీ గెలిచింది ఇంకో పక్షం.

దాని ఫలితం మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1879లో రంప ఫితూరీ రగిలినప్పుడు కల్లు మీద వేసిన చిగురు పన్నుతోపాటు అడవి మీది ఆంక్షలూ కారణాల్లో ఉన్నాయి. 1922లో పల్నాడులో పశువుల మేతకి పుల్లరి కట్టం అన్నందుకు కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు మొదలుపెట్టాడు. అక్కడి కోపంలో పోడు మీద నిషేధం ఉంది, అడవి రోడ్ల వెట్టి ఉంది. నిజాం రాజ్యంలో 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం చనిపోయింది కూడా అడవిలో ఎవరు దున్నుకోవాలన్న తగువులోనే. స్విస్ మేకల కాపరికీ పల్నాటి రైతుకీ అడిగిన త్యాగం దాదాపు ఒకటే, మేత మానుకో అని. అడిగినవాడు వేరు. ఒకచోట ఊరి సభలో చేయెత్తి ఓడించగలిగినవాడు. ఇంకోచోట తుపాకీ ఉన్నవాడు.

ఇక్కడ నన్ను ఎవరైనా అడ్డుకోవచ్చు, స్విట్జర్లాండ్‌ని మరీ ఎత్తేస్తున్నావు అని. సబబే, ఒప్పుకుంటాను. ఊరి అడవి అంటే ఊళ్ళో అందరిదీ కాదు. పాత కుటుంబాలది. వలస వచ్చి స్థిరపడినవాళ్ళకి, ఏ ఊరి పౌరసత్వమూ లేని సంచార కుటుంబాలకి పుల్ల మీద కూడా హక్కు ఉండేది కాదు, ఉన్నా ఎక్కువ రుసుము కట్టాలి. సభలో చేయెత్తేది మగవాళ్ళే. పుల్లలేరి, ఆకు ఊడ్చి, మేకలు కాసిన ఆడవాళ్ళకి సమాఖ్య ఎన్నికల్లో ఓటు 1971 దాకా రాలేదు. మేకల మీద ఆంక్షలు వచ్చినప్పుడు దెబ్బ తగిలింది పెద్ద రైతుకి కాదు, మూడు మేకలున్న విధవరాలికి. కోఆట్స్ తరం అటవీ అధికారుల రాతల్లో మేక దాదాపు నేరస్థురాలు. మేక వెనకాల ఉన్న మనిషి ఎందుకు మేకనే నమ్ముకుందో వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. ఆ చూపులో వాళ్ళు మన రేంజర్లకి దగ్గరి బంధువులే.

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది శాస్త్రానికి సంబంధించింది. నరికినందువల్లే 1868 వరద వచ్చిందన్నది లాండోల్ట్, కుల్‌మన్, కోఆట్స్ అందరి నమ్మకం. వాతావరణ చరిత్ర మీద పనిచేసిన క్రిస్టియాన్ ఫిస్టర్ వంటివాళ్ళు తర్వాత ఈ లెక్క తిరగేసి చూశారు. ఆ వాన అసాధారణమైంది. కొండలన్నీ చెట్లతో నిండి ఉన్నా అంత వానకి నేల నీటిని పట్టి ఉంచలేదు. చిన్న వాగుల్లో, మామూలు వానల్లో అడవి చాలా చేస్తుంది. మహావరదలో చేసేది తక్కువ. మరి ఆ సిద్ధాంతం అంతగా ఎందుకు నిలబడింది? పనికొచ్చింది కాబట్టి. కొండవాడి తప్పు వల్ల మైదానంవాడు మునిగాడని చెబితేనే కేంద్రం కాంటన్ల వ్యవహారంలో వేలు పెట్టడానికి న్యాయం దొరికింది. సగం నిజమైన వాదన మీద మంచి చట్టం నిలబడింది. ఇలా చెప్పడం నాకు ఇబ్బందిగానే ఉంది. ఎందుకంటే సగం నిజాల మీద నిలబడ్డ చెడ్డ చట్టాలు మన దగ్గర బోలెడు. అడవిబిడ్డలు పోడు కొట్టడం వల్లే వానలు తగ్గాయన్న మాట కూడా అలాంటిదే.

అయితే మంచుచరియల దగ్గర కోఆట్స్ నేల మీద నిలబడ్డాడు. నేను ఆయన్ని గౌరవించేది ఇక్కడే.

చెట్టు మంచుచరియని ఆపదు. పై నుంచి ఊపందుకుని వచ్చే మంచు ముందు నూరేళ్ళ స్ప్రూస్ చెట్టు కూడా అగ్గిపుల్ల. చెట్టు చేసే పని అంతకంటే ముందుది: చరియ మొదలవనివ్వదు. కొమ్మల మీద కొంత మంచు ఆగుతుంది, ముద్దలుగా రాలి కింది పొరల్ని గజిబిజి చేస్తుంది, మొదళ్ళు మేకుల్లా దిగి ఉంటాయి. దాంతో వాలంతా ఒకే పలకలా జారే పరిస్థితి రాదు. కానీ చరియలు చాలావరకూ మొదలయ్యేది చెట్లు పెరిగే ఎత్తుకి పైన. అక్కడ నాటినా బతకవు. మరి అక్కడేం చేయాలి? కోఆట్స్ జవాబు: మంచు కదిలే చోటే దాన్ని పట్టుకోవాలి. 1868లో, అదే వరద ఏడాదిలో, ఎంగడీన్ కింది కొసన మార్టీనా ఊరి పైన రాతిగోడలూ కొయ్య గుంజల వరసలూ కట్టించాడు. స్విట్జర్లాండ్‌లో మంచుచరియ పుట్టే చోట కట్టిన మొదటి అడ్డుకట్టలు అవే. అంతవరకూ ఊళ్ళు చేసిందల్లా ఇంటి వెనక, గుడి వెనక మంచుని చీల్చే ముక్కోణపు గోడ కట్టుకోవడం.

కట్టడాల కంటే గొప్ప పని ఇంకొకటి. అటవీ సిబ్బంది అందరి చేతా మంచుచరియల చిట్టా రాయించాడు. ఏ చరియ ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వస్తుంది, ఎంత కాలానికోసారి వస్తుంది, ఏం ధ్వంసం చేసింది, ఊరివాళ్ళు దాన్ని ఏ పేరుతో పిలుస్తారు. ఊరికే కూర్చున్న ముసలివాళ్ళ జ్ఞాపకం అంతా పటం మీదికి ఎక్కింది. 1881లో స్విస్ ఆల్ప్స్ మంచుచరియల మీద పుస్తకం వేశాడు. 1887–88 శీతాకాలంలో చరియలు విరుచుకుపడి పదుల సంఖ్యలో జనం చనిపోతే, ఆ ఒక్క కాలంలోనే వెయ్యికి పైగా చరియలు నమోదు చేయించి విడిగా నివేదిక రాశాడు. ఆ తర్వాత 1910లో పూర్తి గణాంకాలు అచ్చయ్యాయి: తొమ్మిది వేలకు పైగా మంచుచరియల దారులు. అప్పటికి ఆయనకి ఎనభై ఎనిమిది. మొదటి పుస్తకానికీ ఈ గణాంకాలకీ మధ్య ఇరవై తొమ్మిదేళ్ళు. ఈ మధ్యలో ఎన్ని శాఖలు చేతులు మారాయో, ఎందరు మంత్రులు వచ్చిపోయారో ఊహించుకోండి. అదే మనిషి, అదే చిట్టా. ఒక పనికి ఒక్కరే అంతకాలం అంటిపెట్టుకుని ఉండటం వల్ల వచ్చే లాభం ఏ కమిటీకీ దొరకదు. అలాంటి మనిషి తప్పయితే ఆ తప్పూ అంతకాలం ఉంటుంది, అది వేరే సంగతి.

తప్పు లేకపోలేదు. ఆయన రాతిగోడలు పొట్టివి. మంచు నిండిన సంవత్సరంలో గోడ పూడిపోయేది, దాని మీదుగా కొత్త మంచు జారిపోయేది. 1951 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో 98 మంది చరియల కింద పోయినప్పుడు ఆ సంగతి నిర్ధారణ అయింది. ఆ తర్వాతే మంచు మందానికి సరిపడా ఎత్తున్న ఉక్కు కంచెలు వచ్చాయి, ఈ రోజు రైల్లోంచి కనబడే వరసలు అవే. కానీ ఆ కంచెలు ఎక్కడ పాతాలన్నది తెలియాలంటే ముందు చరియల దారులు తెలియాలి కదా. 1999లో మళ్ళీ అంతటి చలికాలం వచ్చింది. కొండల్లో జనమూ పర్యాటకులూ ఎన్నో రెట్లు పెరిగి ఉన్నారు, అయినా పోయినవాళ్ళు 17 మంది.

ఇక ‘కోఆట్స్ స్విస్ అడవిని బతికించాడు’ అనే మాట. దీనికి నేను సంతకం పెట్టను. ఈ రోజు దేశంలో సుమారు మూడింట ఒక వంతు అడవి, అందులో దాదాపు సగం ప్రాణరక్షణ అడవి. ఇదంతా చట్టం వల్ల అనుకుంటే చట్టానికి ఎక్కువ ఇచ్చినట్టే. రైలు వచ్చింది. రైల్లో బొగ్గు వచ్చింది. 1882లో గొట్టార్డ్ సొరంగం తెరుచుకుంది. కట్టెల కోసం కొండెక్కే అవసరం ఏడాదికేడాది తగ్గింది. పరాయి ధాన్యం చవగ్గా దొరికాక వాలు మీది చిన్న పొలాలు ఎవరికీ గిట్టుబాటు కాలేదు. కుర్రాళ్ళు ఫ్యాక్టరీలకీ హోటళ్ళకీ దిగిపోయారు, మేకలు తగ్గాయి, మొలకలు వచ్చాయి. జర్మనీ గనుల్లో బొగ్గు తవ్విన కూలీకి కూడా ఆ పైన్ చెట్లలో వాటా ఉంది. చట్టం చేసిందేమిటంటే, ఆ బొగ్గు వచ్చేలోపు మిగిలినది పోకుండా నిలబెట్టింది. వదిలిన పొలంలో అడవి తిరిగొచ్చాక దాన్ని మళ్ళీ ఎవరూ చదును చేయకుండా చూసింది. 1897లో జనం ఓటేసి కేంద్రం పర్యవేక్షణను కొండలతో ఆపకుండా దేశమంతటికీ చాపారు. 1902లో కొత్త చట్టం. ఇంకో మాట: 1912 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ సివిల్ కోడ్ ప్రకారం అడవి ఎవరిదైనా సరే ఎవరైనా నడిచి వెళ్ళొచ్చు, ఊరి ఆచారం మేరకు పుట్టగొడుగులూ పళ్ళూ ఏరుకోవచ్చు. చింతపండు, తునికాకు ఏరుకున్నందుకు దెబ్బలు తిన్న మన వాళ్ళకి ఈ ఒక్క వాక్యం చదివి వినిపించాలనిపిస్తుంది.

ఆఫీసు లెక్కల మధ్య ఆయన చేసిన చిన్న పని ఒకటి నాకు చాలా ఇష్టం. 1870ల నుంచి రోన్ హిమానీనదం వెనక్కి తగ్గుతున్న తీరును ఏటా కొలుస్తున్నారు. మంచు తప్పుకున్న రాతి నేల మీద మొట్టమొదట ఏ మొక్క మొలుస్తుంది, రెండో ఏడు ఏది, ఐదో ఏడు ఏది అని కోఆట్స్ గమనించి 1880లలో వ్యాసం ప్రచురించాడు. అలాంటి పరిశీలన అంతకుముందు ఎవరూ పెద్దగా చేయలేదు. ఆ రోజుల్లోనే ఫోరెల్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన హిమానీనదాల కొలతల్లోకి అటవీ సిబ్బందిని దింపాడు. ఎలాగూ కొండెక్కుతారు కదా, పనిలో పనిగా మంచు అంచు ఎక్కడుందో కొలిచి రాయండి అని. ఇప్పటికీ స్విస్ హిమానీనదాల్లో చాలావాటిని కొలిచేది కాంటన్ల అటవీ ఉద్యోగులే. భూతాపం గురించి మాట్లాడేటప్పుడు ఆ అంకెలే చూపిస్తారు. ఏ అవసరం వస్తుందో తెలియకుండానే రాసిపెట్టిన చిట్టాలవి.

చివరిగా నేషనల్ పార్కు. దానికీ కోఆట్స్‌ని పితామహుడు అనేవాళ్ళున్నారు. ఆయన వేటకీ పర్యవేక్షకుడే. ఆయన హయాంలోనే 1904లో ష్చార్ల్ దగ్గరి కొండల్లో దేశంలో మిగిలిన చివరి ఎలుగును వేటగాళ్ళు కొట్టారు. మరుసటేడు వృక్షశాస్త్రవేత్త కార్ల్ ష్రోటర్‌తో కలిసి ఆయన ఆ లోయ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. 2,300 మీటర్ల ఎత్తున అరోలా పైన్ చెట్లు తప్ప ఇంకేమీ లేని తమంగుర్ అడవి ఆ లోయలోనిదే. గనుల కొలుములు మింగగా మిగిలింది. పార్కు కోసం స్థలం వెతికిన ప్రకృతి శాస్త్రవేత్త పాల్ సారజిన్ బృందం చూపు ఎంగడీన్ మీద పడటంలో ఆ పుస్తకానికి పాత్ర ఉంది. తలకి ఏడాదికి ఒక్క ఫ్రాంకు చందాతో సంఘం పెట్టి, 1909లో త్సెర్నెట్స్ ఊరి నుంచి క్లువోట్సా లోయను పాతికేళ్ళకి కౌలుకి తీసుకున్నారు. 1914 ఆగస్టు 1న పార్కు మొదలైంది, కోఆట్స్ పదవి వదిలింది కూడా ఆ ఏడే.

కౌలుకి. ఈ మాట దగ్గర ఆగుతాను. ఐరోపాలోని మొదటి జాతీయ ఉద్యానవనాల్లో ఒకటి, దాని నేల ఇవాళ్టికీ ఊళ్ళదే. సమాఖ్య ప్రభుత్వం ఏటా వాటికి డబ్బు కడుతుంది. లోపల కొమ్మ విరవడానికి లేదు, పశువుని తోలడానికి లేదు, కోఆట్స్ కలగన్నదాని కంటే కఠినమైన నిషేధం. అయినా ఎవరి ఇల్లూ పీకలేదు, ఏ ఊరినీ ఖాళీ చేయించలేదు. నల్లమలలో, పాపికొండల్లో ఊళ్ళు ఖాళీ చేయించే ముందు మన వాళ్ళు ఎప్పుడైనా కౌలు సంగతి ఆలోచించారా? పార్కుని ఇంకా పెద్దది చేద్దామని ప్రణాళిక వేసినప్పుడు, 2000లో త్సెర్నెట్స్ ఓటర్లు కూర్చుని ఆలోచించి వద్దన్నారు. ఆ ప్రణాళిక ఆగిపోయింది. ప్రకృతి ప్రేమికులకి కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే కావచ్చు. నేనైతే ఆ ఊరి ఓటు పక్షమే.